కబురు చెప్పే గది

మా వైపు చావు కబురు ఎవరూ సూటిగా చెప్పరు. మనిషి పోయాడని తెలిసి కూడా, కొంచెం సీరియస్‌గా ఉంది, ఒకసారి వచ్చి చూసిపోండి అంటారు. మా నాయన పోయినప్పుడు నేను రాయచూరులో అత్తగారింట్లో ఉన్నాను. పెనం మీద జొన్నరొట్టె కాలుతోంది. పనికి వెళ్లిన మా ఆయన మధ్యలోనే తిరిగొచ్చి, మీ నాయనకు జ్వరమట, నిన్ను తలుస్తున్నాడట, పొయ్యి ఆర్పి పద అన్నాడు. మా పుట్టినూరు యాపలదిన్ని బస్సెక్కాం. దారి పొడుగునా ఆయన కిటికీలోంచి బయటికే చూశాడు. ఊళ్లో దిగి సందు తిరిగితే మా వాకిట్లో జనం. అప్పుడు కూడా ఎవరూ చెప్పలేదు. నన్ను చూసి ఆడవాళ్లు ఏడుపు ఎత్తుకున్నారు, అంతే. నాకు కోపం రాలేదు. బస్సులో నలుగురి మధ్య ఏడవకుండా కాపాడాడు కదా అనుకున్నాను. తర్వాత మా అత్తకు ఆమె తమ్ముడు పోయిన సంగతి నేనూ అట్లాగే చెప్పాను. ఆమె అన్నం తిని చెయ్యి కడుక్కునేదాకా ఆగి, కొంచెం కొంచెంగా. చెప్పేవాళ్ల మంచితనమంతా అందులోనే ఉందనుకునేవాళ్లం.

మా కోడలిది ఇడపనూరు. ఆమె కూడా ఆ మంచితనంలోనే పెరిగింది. నర్సు చదువు చదివింది. పెళ్లయి మా ఇంటికి వచ్చేటప్పటికే రాయచూరులోనే ఒక పెద్ద దవాఖానలో పని. నా కొడుకు టైర్ల షాపులో చేస్తాడు. వాడి పని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే తీరు. ఈమెది మాత్రం వారానికో వేళ. ఏ వేళకు వచ్చినా ముందు కాళ్లు కడుక్కుని, గడప లోపల కాసేపు ఊరికే కూర్చునేది. నేను పలకరించేదాన్ని కాదు. ఆ కూర్చోవడం అయ్యాక తనే ఆ రోజు సంగతులు చెప్పేది.

ఆ ఎండాకాలం ఆమె మగవాళ్ల వార్డులో ఉంది. పల్లె నుంచి ఒక ముసలాయనను ఆయాసంతో తెచ్చారు. ఊరి పేరు ఎందుకులెండి, ఏ ఊరైనా కావచ్చు. ఆయన చిన్న కొడుకు మంచం వదిలేవాడు కాదట. తండ్రికి తల దువ్వడం, కాళ్లు ఒత్తడం, నోట్లో గంజి పోయడం అన్నీ తనే. మా కోడలిని అక్కా అని పిలిచేవాడు. ఇంటికొచ్చి ఆ పిలగాడి సంగతే చెప్పేది, కూతురైనా అంత చెయ్యదు అత్తమ్మా అని.

ఒక మధ్యాహ్నం, వచ్చిపోయేవాళ్లను లోపలికి వదిలే వేళకు కొంచెం ముందు, ముసలాయనకు ఊపిరి ఆగింది. కొడుకు కింద మెట్ల దగ్గర రొట్టె తింటున్నాడు. మా కోడలు, ఇంకో సిస్టరు కలిసి ఛాతీ ఒత్తారు. వార్డులో ఉన్న చిన్న డాక్టరు వచ్చి సూది వేశాడు. మనిషి తిరిగి రాలేదు. కానీ పోయాడని ఇంటివాళ్లకు చెప్పవలసింది పెద్ద డాక్టరు. అది అక్కడి పద్ధతి. ఆయన ఆపరేషను మధ్యలో ఉన్నాడు. చిన్న డాక్టరు ఆయన కోసం పరుగెత్తాడు.

అంతలో ఆ పిలగాడు పైకి వచ్చాడు. మంచం చుట్టూ తెర లాగి ఉంది. ఏమైందక్కా అన్నాడు. మా ఇళ్లల్లో ఎవరి నోటికైనా ఏ మాట వస్తుందో ఆమె నోటికీ అదే వచ్చింది.

"జెర సీరియస్ ఉంది తమ్ముడూ. డాక్టర్ వస్తున్నడు. మీ అన్నోళ్లను పిలిపియ్యి."

వాడు ఫోన్ చేసి మళ్లీ వచ్చాడు. చేతులు ఊరుకోవు కదా ఆ సమయంలో, ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది.

"బొండం నీళ్లు తాపితే తేరుకుంటడా అక్కా?"

"తేపో తమ్ముడూ," అంది మా కోడలు.

అన్నలు వచ్చేదాకా ఒంటరిగా శవం పక్కన నిలబడకూడదని అట్లా పంపింది. నేనైనా అదే చేసేదాన్ని. మా వాడకట్టులో ఎవరైనా అదే చేసేవాళ్లు.

ఆ ఎండలో ఎంత దూరం పరుగెత్తాడో గానీ, వాడు తిరిగొచ్చేసరికి పెద్ద డాక్టరు వచ్చి చూసి, ముఖం మీద దుప్పటి కప్పించాడు. ఊరి నుంచి టెంపో నిండా మనుషులు కూడా దిగారు. ఎవరైనా దవాఖానలో పడితే ఊరు ఊరంతా కదలడం మా దగ్గర మర్యాద. రాకపోతేనే మాట పడతారు. కాపలావాడు ఒక్కడు, వాళ్లను ఆపలేకపోయాడు. పిలగాడు బొండం పట్టుకుని జనం మధ్యలోంచి మంచం దగ్గరికి వచ్చాడు. ఎప్పుడు పోయిండు అని ఎవరో అడిగితే డాక్టరు ఊపిరి ఆగిన సమయం ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తను బొండం కోసం దిగకముందే తండ్రి పోయాడని వాడికి అప్పుడు తెలిసింది. వెనక నుంచి ఒకడు, సచ్చినోన్ని పెట్టుకొని నాటకమాడుతున్నరు అన్నాడు.

"పోయినోనికి నాతోని నీళ్లు తెప్పిస్తవా?" అన్నాడట వాడు. గట్టిగా కూడా అనలేదట. బొండం ఆమె మీదికి విసిరాడు. తర్వాత ఎవరెవరు కొట్టారో ఆమెకు తెలియదు. మంచానికీ గోడకూ నడుమ ఇరుక్కుపోయింది, బయటికి రావడానికి దారి లేదు. ఎడమ చెవి మీద పడిన దెబ్బకు ఇప్పటికీ ఆ వైపు వినికిడి తక్కువ. ముఖానికి అడ్డం పెట్టుకున్న కుడి మణికట్టు విరిగింది. వార్డు ఆయమ్మ ఒకావిడ మంచం కింద నుంచి దూరి, కాళ్లు పట్టి లాగి ఆమెను అవతలికి తెచ్చింది.

కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చాక నేనే తల అంటి స్నానం చేయించాను. నీళ్లు పోస్తుంటే చెవిని చేత్తో మూసుకుని చిన్నపిల్లలా కూర్చుంది.  ఆ తర్వాత మొదలైంది వచ్చిపోయేవాళ్ల వరస. టీలు కాచి కాచి నా నడుము పడిపోయింది. అయ్యో పాపం అని మొదలుపెట్టి, అయినా నువ్వెందుకు అబద్ధం చెప్పినవమ్మా అని ముగించేవాళ్లు. ఎదురింటి ఆమె అయితే, నర్సమ్మలకు నోరు ఎక్కువని విన్నం గానీ నీకు తక్కువున్నట్టుంది, ఉన్నమాట అనలేకపోతివి అంది. నవ్వుతూనే అంది. ఆ పంచలో ఉన్న మేము ఎవరం ఎప్పుడు ఉన్నమాట అన్నాం గనక. అనుకుంటూ టీ గ్లాసులు ఎత్తాను. 

నా కొడుకు మాత్రం ఒకటే పట్టు. పని మానెయ్యి అన్నాడు. బట్టల షాపుల కూసున్నా బతుకొచ్చు, తన్నులు తినే కొలువు మనకెందుకు అన్నాడు. ఆమేమో కుక్కరు విజిల్ వేస్తే ఉలిక్కిపడేది. కూరగాయల బండివాడు సందులో గట్టిగా అరిస్తే లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేది. ఒక రోజు నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"కొట్టిండ్రని కాదు అత్తమ్మా. మళ్ల ఎవరన్న పోతే, నా నోట్లకెల్లి ఏ మాట వస్తదో అని భయమైతుంది. ఆ మాట అననీకే రాకపోతే నేను వార్డుల ఎట్ల నిలబడాలె?"

ఆమె భయం దెబ్బలది అనుకున్నాను అంతదాకా. ఇది వేరే.  రెండు కాయలు ఆమె ఒడిలో వేశాను, ఎడమ చేత్తో ఒలిచింది.

కొన్నాళ్లకు ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన రాజీకి వచ్చాడు, ఆ పిలగాడిని వెంటబెట్టుకుని. సంచిలో మోసంబీలు. వాడికి గుండు. తండ్రి కర్మ చేసిన గుండు మీద అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి. పెద్దమనిషి సగం కన్నడంలో, సగం తెలుగులో చెప్పుకొచ్చాడు. చిన్నోడు, తల్లి మంచం పట్టింది, దుఃఖంలో చెయ్యి లేచింది, పోలీసు కేసు మీద పడితే బతుకు పోతుంది, మీరు ఒక మాట అంటే అయిపోతుంది అని. పిలగాడు నేల చూస్తూ నిలబడ్డాడు. కూర్చో అన్నా కూర్చోలేదు. ఆఖరికి వాడే నోరు విప్పాడు.

"ఒక్క మాట చెప్పుంటే అయిపోతుండె అక్కా. పోయిండు అని."

"చెప్పుంటే కొట్టకపోతుంటివా?" అంది మా కోడలు.

 "ఎర్కలేదక్కా," అన్నాడు.

ఆ మాటకు నాకు వాడి మీద జాలి కలిగింది, చెప్పకపోతే తప్పు. కొట్టకపోదును అనవచ్చు కదా, రాజీకి వచ్చినవాడు. అనలేదు.

"నేను నిన్ను తిట్టను తమ్ముడూ," అంది మా కోడలు. "నీళ్లు తెమ్మన్నది నాది తప్పే. కేసు మాత్రం వాపస్ తీసుకోను. నిన్ను ఇడిచిపెడితే రేపు ఇంకో సిస్టర్ మీద లేస్తది చెయ్యి."

పెద్దమనిషి లేచాడు. టీ ముట్టలేదు. పిలగాడు మాత్రం నిలబడే తాగి, గ్లాసు తీసుకెళ్లి బయట నల్లా దగ్గర కడిగి పెట్టాడు. మోసంబీల సంచి గడప దగ్గరే ఉండిపోయింది. ఎవరం తినలేదు, పారేయలేదు, అవి అట్లాగే ఎండిపోయాయి. ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది. పిలుపు వచ్చినప్పుడల్లా మా కోడలు కోర్టుకు వెళ్లి, గోడవారన నిలబడి, తారీఖు తీసుకుని వస్తుంది.

చేతి కట్టు విప్పే రోజుల్లో దవాఖాన నుంచి పెద్ద సిస్టరు మా ఇంటికి వచ్చింది. లావుపాటి మనిషి, మెట్లెక్కి ఆయాసపడింది. కెమెరాలు పెడుతున్నారట, లాఠీలతో ఇద్దరు కాపలావాళ్లను వేస్తున్నారట, ఇక భయం లేదు, వచ్చి చేరమంది. మా కోడలు విని, కెమెరా కొట్టేటిది చూస్తది గానీ ఆపది కదమ్మా అంది. మరి నీకేం కావాలో చెప్పు అంది ఆమె.  మా కోడలి నోట మెల్లగా ఒక్కొక్కటి బయటికి వచ్చింది. చెడ్డకబురు చెప్పడానికి ఒక గది కావాలి అంది. మంచం పక్కన, పదిమంది నడుమ కాదు. డాక్టరు దొరికేదాకా సిస్టరును మాటలతో నెట్టుకురమ్మనకూడదు, పెద్దాయన ఆపరేషనులో ఉంటే చిన్నాయన చెప్పాలి. ప్రాణం సన్నగిల్లుతున్నప్పటి నుంచే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఉన్నది ఉన్నట్టు ఇంటివాళ్లకు చెబుతూ రావాలి. ఊరి నుంచి వచ్చినవాళ్లను మెడపట్టి గెంటితే ఎట్లా, వాళ్లకు బయట నీడ, తాగడానికి నీళ్లు ఉండాలి. పెద్ద సిస్టరు తల ఊపుతూ విన్నది. అన్నీ కావు గానీ కొన్ని అవుతాయేమో చూస్తాను అని లేచింది.

దవాఖానలో దుప్పట్లు పెట్టుకునే చిన్న గది ఒకటి ఖాళీ చేసి కుర్చీలు వేశారు. తలుపు మూయకూడదు, సిస్టరు కూర్చునే కుర్చీ తలుపు వైపే ఉండాలి, మధ్యలో ఎవరూ అడ్డం ఉండకూడదు అని నియమం పెట్టుకున్నారు. బల్ల కింద ఒక మీట, నొక్కితే కాపలావాళ్ల దగ్గర గంట మోగుతుంది. నీడకు రేకులు మాత్రం అన్నిటికన్నా ఆఖరున పడ్డాయి, వానలు మొదలయ్యాక.

ఆ గదిలో దవాఖానవాళ్లందరినీ కూర్చోబెట్టి చావు కబురు చెప్పడం నేర్పించారట. ఒకరు ఇంటివాళ్ల వేషం, ఒకరు డాక్టరు, ఒకరు సిస్టరు. ఎవరికీ ఆ మాట నోట రాలేదట. ఒకరు దేవుడు తీసుకపోయిండు అంటారు, ఒకరు మన చేతుల ఏం లేదు అంటారు, ఒకరు ఇగ గుండె గట్టి చేసుకోండ్రి అంటారు. చనిపోయిండు అనే మాట అనాలి, దానికి బదులు ఇంకోటి అనకూడదు, అన్నాక ఊరుకోవాలి అని నేర్పారు. మంచం కింద దూరి ఈమెను లాగిన ఆయమ్మ పోయినవాడి పెళ్లాం వేషం వేసి నిజంగానే ఏడుస్తూ కూర్చుందట. అయిపోయిందమ్మా లే అన్నా లేవలేదట, ఎవరిని తలుచుకుందో ఏమో.

మా కోడలు ఇంట్లో నా మీద కూడా సాధన చేసింది. నేను రొట్టె తడుతున్నాను. స్టూలు తెచ్చి వేసి, కూసో అత్తమ్మా అంది. పిండి చేతులతోనే కూర్చున్నాను. నా ఎదురుగా కూర్చుని ముఖంలోకి చూసి, "అత్తమ్మా, మామ చనిపోయిండు," అంది.

"మీ మామ పోయి చాన్నాళ్లాయె గదనే. ఇయ్యాల కొత్తగ ఏం చెప్తవు?" అన్నాను.

ఇద్దరం నవ్వాం. దెబ్బలు తిన్నాక ఆమె నవ్వింది అదే మొదలు. నవ్వాను గానీ, ఆ మాట అంత బోడిగా చెవిన పడేసరికి రొట్టె సంగతి మరిచిపోయాను. మా ఆయన పోయినప్పుడు కూడా ఎవరూ నాకు ఆ మాట చెప్పలేదు. చూసి తెలుసుకున్నాను.

తిరిగి పనిలో చేరే రోజు గడప దాకా వెళ్లి ఆగిపోయింది. నువ్వు వస్తావా అత్తమ్మా అని అడిగింది. నా కొడుకు ముఖం తిప్పుకున్నాడు. నేను చెప్పులు వేసుకున్నాను. ఆ రోజు నుంచి ఆమె డ్యూటీ అంతసేపూ వార్డు బయట బెంచీ మీద కూర్చోవడం నా పని అయింది. ఇనుప బెంచీ, చిల్లులది. లేస్తే వీపు మీద చిల్లుల గుర్తులు. ఫినాయిల్ వాసన, పిల్లల ఏడుపులు. అటూ ఇటూ పోతూ ఆమె నన్ను ఒకసారి చూసుకునేది. నేనున్నానంటే ఆమెకు ఒరిగేది ఏముంది, ఎవరైనా మీదపడితే నేను ఆపగలనా. అయినా కూర్చునేదాన్ని. వార్డులో ఎవరైనా పోతే ఇంకో సిస్టరు ఆ గదిలోకి వెళ్లేది. మా కోడలు మందుల బల్ల దగ్గరే తిరుగుతూ ఉండేది. పెద్ద సిస్టరు ఏమీ అనేది కాదు గానీ, ఎన్నాళ్లు అనదు.

ఈలోగా ఆమెను ఆడవాళ్ల వార్డుకు మార్చారు. అక్కడికి కాలువ కింద క్యాంపు నుంచి ఒక ముసలావిడను తెచ్చారు. కోస్తా నుంచి వచ్చి వరి పండించుకునే కుటుంబం, అట్లా వచ్చినవాళ్లు ఉండే ఊళ్లను మా వైపు క్యాంపులంటారు. ఆమె భర్త తెల్లటి పంచె కట్టిన పెద్దాయన. రోజూ పొద్దున ఆయన్ను ఆ గదిలోకి పిలిచి ఎట్లా ఉందో చెబుతున్నారు. రోజురోజుకూ ప్రాణం సన్నగిల్లుతోంది అనే చెబుతున్నారు. ఆయన తల ఊపి బయటికొచ్చి, నా పక్కన బెంచీ మీద కూర్చునేవాడు. 

ఆవిడ పోయింది. తోటి సిస్టరు ఇంకో మంచం దగ్గర సూది వేస్తోంది. డాక్టరు వచ్చి మా కోడలిని చూసి, పద అన్నాడు. ఆమె నా వైపు చూసింది. చూసి, డాక్టరు వెనక నడిచింది. పెద్దాయననూ, ఆయన కొడుకునూ లోపలికి పిలిచారు. బయట రేకుల కింద ట్రాక్టరులో వచ్చిన వాళ్లంతా ఉన్నారు. తలుపు తెరిచే ఉంది గనక నాకు అంతా కనబడుతోంది, వినబడుతోంది.

డాక్టరు కూర్చుని కన్నడంలో చెప్పాడు, నెమ్మదిగానే, ఆ మాటతోనే. పెద్దాయనకు కన్నడం రాక కాదు. కానీ ఆయన మా కోడలి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు తల్లీ. ఉందా, లేదా? నన్ను ఇంటికి పంపడానికి ఏదో ఒకటి అనకు."

 కుర్చీ అంచును పట్టుకున్న మా కోడలి చెయ్యి నాకు కనబడుతోంది, విరిగి అతికిన చెయ్యి.

"అమ్మమ్మ చనిపోయింది తాతా," అంది.

అని ఊరుకుంది.  కొడుకు దిగ్గున లేచాడు, కుర్చీ వెనక్కి పడింది. మా కోడలు తలుపు వైపు ఒక అడుగు వేసింది, అంతే, బయటికి రాలేదు. డాక్టరు కూడా కదలలేదు. కొడుకు గోడకు తల ఆనించి ఏడ్చాడు. పెద్దాయన తన రెండు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అట్లాగే ఉన్నాడు. కొడుకు ఏడుపు ఆగాక, "మావాళ్లకి నేను చెప్పలేనమ్మా," అన్నాడు.

"నేను వస్త తాతా. మీ పక్కన నిలబడి నేనే చెప్త."

ఇద్దరూ నా ముందు నుంచే రేకుల వైపు వెళ్లారు. డాక్టరు, ఒక కాపలావాడు వెనక నడిచారు. నేను లేవలేదు. అక్కడి నుంచి ముందు ఏమీ వినబడలేదు, తర్వాత ఆడవాళ్ల ఏడుపు వినబడింది. ఎవడో చెత్తబుట్టను తన్నాడు, అది దొర్లుతూ వచ్చి మెట్లకు తగిలింది. ఎవరో వాణ్ణి కసిరారు. ఇంకేమీ జరగలేదు.

మా కోడలు తిరిగొచ్చి నా పక్కన కూలబడింది.  బాటిల్ మూత తీసి ఇచ్చాను. నీళ్లు సగం మీదే పోసుకుంది. ఆమెకు సరిగా వినబడని ఎడమ వైపు కూర్చున్నానని గుర్తొచ్చి, కుడి వైపుకు జరిగి, తింటావా అని అడిగాను. ఆ మంచం సర్దాలి, ఇంకో పేషెంటు కింద కాసుకుని ఉంది అంది. అని, లేవబోతూ ఆగింది.

"రేపటి సంది నువ్వు రాకు అత్తమ్మా. ఈ బెంచీ మీద కూసొని నీ నడుము పోతుంది."

సరే అన్నాను. ఆమె వార్డులోకి వెళ్లిపోయింది. అప్పుడే ఇంటికి వెళ్లినా పోయేది, ఆటోలు బయటే ఉన్నాయి. కానీ లేచి అంత దూరం నడిచే ఓపిక లేక, ఆమె డ్యూటీ దిగేదాకా అక్కడే కూర్చున్నాను.